కళ్లు మూసుకుని చూసే బొమ్మ: టిబెట్ థాంకాలో సాధన, సంకేతం

థాంకాలో నీడ పడదు. బుద్ధుడి వెనక కొండలుంటాయి, వాగులుంటాయి, మబ్బులు మడతలు మడతలుగా తేలుతుంటాయి. కానీ వెలుగు ఏ పక్కనుంచి వస్తోందో ఎంత చూసినా అంతుపట్టదు. టిబెట్ చిత్రకారులకు ఛాయలు దిద్దడం రాదనుకుంటే పొరపాటు. ఆకాశాన్ని పైన ముదురు నీలంతో మొదలుపెట్టి, కిందికి వచ్చేకొద్దీ పలచన చేస్తూ, కొండ అంచు దగ్గర దాదాపు తెల్లగా తేల్చడానికి సన్నటి కుంచెతో ఓపిగ్గా చుక్కలు పెట్టుకుంటూ పోతారు. తామర రేకుల మొదళ్లలో, మబ్బుల అంచుల్లో కూడా అదే పనితనం. మూర్తి దగ్గరికి వచ్చేసరికి మాత్రం బయటి వెలుగుతో పని లేదు. సాధన గ్రంథాల ప్రకారం ఆ దేహం రక్తమాంసాలది కాదు, ఇంద్రధనుస్సులాగా వెలుగుతో ఏర్పడింది. వెలుగుకు నీడెక్కడిది?

నూలు గుడ్డ మీద గీసి, చుట్టూ పట్టు జరీ గుడ్డ కుట్టి, అవసరం లేనప్పుడు చుట్టి దాచుకునే పటమే థాంకా. టిబెట్, నేపాల్, భూటాన్, లడఖ్, సిక్కిం ప్రాంతాల బౌద్ధ మఠాల్లోనూ ఇళ్లలోనూ కనిపిస్తుంది. దీన్ని ఆధ్యాత్మిక కళ అనడం పరిపాటి. అనొచ్చు గానీ, ఆ మాట వినగానే చిత్రకారుడు తన లోపలి అనుభూతిని రంగుల్లో ఒలకబోశాడన్న అర్థం స్ఫురిస్తుంది. థాంకాకు ఆ అర్థం పొసగదు. అది సాధనకు పనిముట్టు. సాధకుడు దాన్ని చూసి, ప్రతి వివరాన్నీ గుర్తు పెట్టుకుని, తర్వాత కళ్లు మూసుకుని ఆ మూర్తిని మనసులో తనంతట తాను నిర్మించుకోవాలి. చివరికి దాన్నీ కరిగించేయాలి. థాంకాలన్నీ ఇందుకే పుట్టాయని కాదు. జాతక కథలు చెప్పేవి ఉన్నాయి, పోయినవాళ్ల పుణ్యం కోసం వేయించేవి ఉన్నాయి, 17వ శతాబ్దం చివర్లో లాసాలో వైద్యవిద్య నేర్పడానికి తయారైన 79 పటాల వరస కూడా ఉంది. అయినా ఈ కళకు రూపురేఖలు దిద్దింది ధ్యానం అవసరమే.

ఆకుపచ్చని దేవత శ్యామతార పటాన్నే తీసుకుందాం. ఆమె సాధన శూన్యం నుంచి మొదలవుతుంది. కనిపించేదేదీ తనంతట తానుగా నిలిచి లేదని భావించాక, ఆ శూన్యంలో ఒక తామరపువ్వు, దాని మీద చంద్రబింబం, బింబం మీద ఆకుపచ్చగా ‘తాం’ అనే బీజాక్షరం. అక్షరం నుంచి కిరణాలు నలుదిక్కులా వెళ్లి తిరిగి వస్తాయి, అక్షరమే తారగా మారుతుంది. ఒక ముఖం, రెండు చేతులు. మోకాలి మీదుగా చాచిన కుడిచెయ్యి వరదముద్రలో ఉంటుంది. ఎడమచేతి వేళ్ల మధ్య కలువ కాడ, పువ్వు చెవి పక్కన విచ్చుకుంటుంది. ఎడమకాలు మడుచుకుని ఉంటే, కుడికాలు ఆసనం దాటి కిందికి దిగి ఒక చిన్న తామర మీద ఆనుతుంది. పిలిచినవాళ్ల కోసం లేచి రావడానికి సిద్ధంగా ఉందని ఆ పాదం అర్థం. రెండు కాళ్లూ వజ్రాసనంలో మడిచి, ఒంటికి తెలుపు వేసి, నుదుటి మీద, అరచేతుల్లో, అరికాళ్లలో కళ్లు దిద్దితే ఆమె శ్వేతతార అవుతుంది, దీర్ఘాయువు కోసం కొలిచే మూర్తి అవుతుంది. ఒక్క పాదం తప్పుగా గీస్తే సాధకుడు మనసులో కట్టుకునేది కూడా తప్పిపోతుంది.

తెలుగు ఇళ్లలో ఇది మరీ కొత్త సంగతేమీ కాదు. లలితా సహస్రనామ పారాయణకు ముందు చదివే ధ్యానశ్లోకం చేసేదీ ఇదే పని: ఒంటి రంగు, చూపు, చేతుల్లోని పాశం, అంకుశం, పూలబాణాలు, విల్లు వరసగా చెప్పి మూర్తిని కళ్లముందు నిలబెడుతుంది. ఎటొచ్చీ చాలామంది ఆ శ్లోకాన్ని గబగబా చదివేసి నామాల్లోకి వెళ్లిపోతారు. టిబెట్‌లో నడిచే తాంత్రిక బౌద్ధమైన వజ్రయానంలో ఆ నిలబెట్టడానికే ఏళ్లు పడతాయి. పైగా తంత్ర సాధనల్లో చాలావాటిలో మూర్తి ఎదురుగా ఉండదు, సాధకుడు తానే ఆ మూర్తినని భావిస్తాడు. అందుకే గురువు దగ్గర దీక్ష లేకుండా వాటి జోలికి పోకూడదంటారు. ముగింపులో లోకమంతా తారలోకి, తార బీజాక్షరంలోకి, అక్షరం కొననున్న బిందువులోకి కరిగి, ఆ బిందువూ మాయమవుతుంది. పటం చూపించేది ఈ మొత్తంలో నడిమి ఘట్టం ఒక్కటే. ముందున్న శూన్యాన్నీ తర్వాతి శూన్యాన్నీ బొమ్మగా గీయలేరు కదా.

కొలతలో ఉన్న నిష్ఠ

చట్రానికి బిగించిన గుడ్డ మీద చిత్రకారుడు మొదట గీసేది నిట్టనిలువు మధ్యగీత. మన శిల్పశాస్త్రాల్లో దీని పేరు బ్రహ్మసూత్రం. టిబెట్ చిత్రకారులు కూడా దాన్ని బ్రహ్మ పేరుతోనే పిలుస్తారు, కొలత శాస్త్రం ఎక్కడినుంచి వెళ్లిందో చెప్పడానికి అదొక్కటి చాలు. అక్కడా కొలమానం అంగుళమే. అయితే అది స్కేలు మీది అంగుళం కాదు, బొమ్మ పరిమాణాన్ని బట్టి మారే ప్రమాణం. బుద్ధుడి ముఖం పన్నెండు లేదా పన్నెండున్నర అంగుళాలు, నిలువెత్తు దానికి పది రెట్లు. కాలచక్ర తంత్రం 125 అంగుళాలంటుంది, సంవర తంత్ర సంప్రదాయం 120 అంటుంది. దక్షిణాది స్థపతులు విష్ణువుకీ శివుడికీ వాడే ఉత్తమ దశతాళం 124. టిబెట్‌లో ఈ లెక్కల మీద తరాల తరబడి వాదాలు నడిచాయి. 15వ శతాబ్దంలో మెన్లా దొండ్రుప్ అనే చిత్రకారుడు కొలతల మీద రాసిన గ్రంథం మెన్రి అనే శైలికే పునాది అయింది.

అయిదు అంగుళాల తేడా కోసం అంత గొడవేమిటని అనిపించొచ్చు. కొలత తప్పిన మూర్తి ప్రతిష్ఠకు పనికిరాదన్నది శాస్త్రం మాట. బుద్ధుడి రూపం చిత్రకారుడు ఊహించి గీసేది కాదు, తనకు అందినదాన్ని చెడకుండా ముందుతరానికి అప్పజెప్పేదన్న పట్టుదల దాని వెనక ఉంది. దివ్యావదానం అనే సంస్కృత బౌద్ధ కథల గ్రంథంలోని ఒక కథ ఈ పట్టుదలకు మూలంలాంటిది. రుద్రాయణుడనే రాజు పంపిన విలువైన కానుకకు బదులుగా ఏం పంపాలో బింబిసారుడికి తోచలేదు. గుడ్డ మీద బుద్ధుడి బొమ్మ వేయించి పంపమని సలహా వచ్చింది. చిత్రకారులు కూర్చున్నారు గానీ, చూసినకొద్దీ చూడాలనిపించే ఆ రూపాన్ని పట్టుకోవడం ఒక్కరి వల్లా కాలేదు. అప్పుడు బుద్ధుడు తన నీడ గుడ్డ మీద పడేలా నిలబడ్డాడు, ఆ నీడ అంచుల లోపల వాళ్లు రంగులు నింపారు. అంటే గీత ఆయనదే. మనుషుల వంతు రంగు నింపడమే.

అలాగని థాంకాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉండవు. కొలత పట్టు మూర్తి ఒంటి వరకే. కొండలు, చెట్లు, మబ్బులు, జింకలు, నైవేద్యాల పళ్లేలు చిత్రకారుడి ఇష్టం. కర్మ గద్రి అనే మరో శైలిలో చైనా కొండల చిత్రాల ప్రభావం బాగా కనిపిస్తుంది. విశాలమైన ఖాళీ ఆకాశం, దూరంగా మంచు, ఆ ఖాళీలో కాస్త చిన్నగా మూర్తి. మెన్రి శైలిలో అదే మూర్తి పటం నిండా ఉంటుంది. నిపుణులు శైలిని గుర్తుపట్టేటప్పుడు ఈ అంచుల మీదే ఎక్కువ ఆధారపడతారు.

థాంకా గీసేవాళ్లందరూ ధ్యాననిష్ఠలో మునిగిన భిక్షువులన్న ఊహ పర్యాటకుల కరపత్రాల్లో బాగా అమ్ముడుపోతుంది. నిజానికి పాత టిబెట్‌లో చిత్రకారుల్లో ఎక్కువమంది సంసారులు. తండ్రి దగ్గర కొడుకు నేర్చుకుని, మఠాలూ ఇళ్లూ తిరిగి కూలికి పనిచేసినవాళ్లు. నిష్ఠ వాళ్ల స్వభావంలో ఉందో లేదో ఎవరు చెప్పగలరు? అది నియమంలో ఉంది. మంజుశ్రీమూలకల్పం అనే ప్రాచీన సంస్కృత గ్రంథం పటం తయారీకి విధివిధానాలు చెప్తుంది: నూలు కన్యతో వడికించాలి, చిత్రకారుడు స్నానం చేసి, వ్రతం పట్టి పని మొదలుపెట్టాలి. పటం అడుగున ఒక మూల, మోకాళ్ల మీద కూర్చుని ధూపపాత్ర పట్టుకుని పైకి చూస్తున్న సాధకుడిని కూడా గీయాలి. చూసేవాడు బొమ్మ లోపలే ఉన్నాడన్నమాట. చిత్రకారుడికి మాత్రం ఎక్కడా చోటు లేదు. పాత థాంకాల మీద సంతకం కనిపించడం అరుదు. ఇదే గ్రంథం మంత్రాలు త్వరగా సిద్ధించే చోట్లలో దక్షిణాపథంలోని శ్రీపర్వతాన్నీ, ధాన్యకటక చైత్యాన్నీ పేర్కొంటుంది. ఆ ధాన్యకటకమే ఇప్పటి అమరావతి.

గుడ్డ, రాయి, బంగారం

పని చాలా భాగం బొమ్మ మొదలవకముందే అయిపోతుంది. గుడ్డను దారాలతో చెక్క చట్రానికి లాగి కట్టి, తోలు జిగురులో సుద్ద కలిపిన పూతను రెండువైపులా పట్టిస్తారు. ఆరాక కొద్దికొద్దిగా తడి చేస్తూ నున్నటి రాయితోనో గవ్వతోనో గంటల తరబడి రుద్దుతారు. వెలుతురుకు ఎదురుగా పెడితే నేత సందులు కనబడకూడదు, చుట్టినప్పుడు పూత పెట్లకూడదు. ఇందులో ఏమరుపాటు ఉంటే బయటపడేది యాభై ఏళ్ల తర్వాత, ఆ పటం వేరేవాళ్ల ఇంట్లో ఉండగా.

నీలానికి అజురైట్ రాయి, ఆకుపచ్చకు మాలకైట్, ఎరుపుకు ఇంగిలీకం, పసుపుకు హరిదళం. అజురైట్‌ను బరకగా నూరితే ముదురు నీలం, మెత్తగా నూరేకొద్దీ లేత నీలం వస్తాయి. ఒకే రాయిని నీళ్లలో తేర్చి నాలుగైదు రంగులు తీస్తారు. హరిదళంలో పాషాణం (ఆర్సెనిక్) ఉంటుంది, కుంచె మొనను పెదాలతో తీర్చుకునే అలవాటున్నవాళ్లకు అది ముప్పే. బంగారం చివర్లో వస్తుంది. పొడి చేసి జిగురులో కలిపిన అసలు బంగారాన్ని పూసి, రాతి మొన ఉన్న పుల్లతో కావలసిన చోట మాత్రమే మెరుగు పెడతారు. ఒకే బంగారు వస్త్రం మీద మెరిసే గీతలు, మెరవని నేల పక్కపక్కన నిలబడేది అలాగే. వెన్న దీపాల మసక వెలుగులో చూస్తే ఈ మెరుగు పనితనం తెలుస్తుంది. మ్యూజియం ట్యూబ్‌లైట్ కింద సగం తెలియదు.

అన్నిటికంటే ఆఖరున కళ్లు. మన గుళ్లలో నేత్రోన్మీలనం లాగే అక్కడా మంచిరోజు చూసుకుని కంటిపాపలు దిద్దుతారు. అంతవరకూ అది రంగు పూసిన గుడ్డే. తర్వాత పటాన్ని వెనక్కి తిప్పి, మూర్తి నుదురు, గొంతు, గుండె ఉన్న చోట్లకు సరిగ్గా వెనక ఓం, ఆః, హూం అక్షరాలు రాస్తారు. దేహం, వాక్కు, చిత్తం అనే మూడింటికీ అవి గుర్తులు. లామా చేత ప్రతిష్ఠ జరిగాక గానీ పటం పూజకు రాదు. కొన్నిటి వెనక లామా అరచేతి ముద్రలు కూడా ఉంటాయి.

రంగుల లెక్క

థాంకాలో రంగు అందం కోసం కంటే గుర్తు కోసం వస్తుంది. వజ్రయానం చెప్పే అయిదుగురు బుద్ధులకు అయిదు రంగులు: వైరోచనుడు తెలుపు, అక్షోభ్యుడు నీలం, రత్నసంభవుడు పసుపు, అమితాభుడు ఎరుపు, అమోఘసిద్ధి ఆకుపచ్చ. ఒక్కొక్కరికీ ఒక దిక్కు, ఒక దోషం, ఒక జ్ఞానం. వజ్రయానం విలక్షణత ఈ పట్టికలోనే తేటపడుతుంది. అక్షోభ్యుడి పక్కన ఉన్న దోషం కోపం, దానికి ఎదురున్నది అద్దంలా ఉన్నదున్నట్టు చూపే జ్ఞానం. అమితాభుడి పక్కన రాగం, దానికి ఎదురున్నది దేనికది విడిగా గుర్తించే వివేకం. దోషాన్ని తుడిచిపెట్టి జ్ఞానాన్ని తెచ్చుకోమని కాదు, అదే శక్తి మలుపు తిరిగితే జ్ఞానమవుతుందని చెప్పడం. అందుకే రెండిటికీ ఒకే రంగు.

ఉగ్రమూర్తులు అర్థమయ్యేది కూడా ఇలాగే. నల్లటి నేల మీద బంగారు గీతలతో గీసే మహాకాలుడి పటాన్ని మొదటిసారి చూసినవాళ్లు ఉలిక్కిపడతారు. బయటికి పొడుచుకొచ్చిన కోరలు, మూడు కళ్లు, చుట్టూ మంటలు, నెత్తిన అయిదు పుర్రెల కిరీటం. ఆ అయిదు పుర్రెలూ ఆ అయిదు దోషాలే, చచ్చి ఆభరణాలయ్యాయి. కొలతలు కూడా మారతాయి: ఉగ్రమూర్తికి పొట్టి కాళ్లు, లావు పొట్ట, ఒంటికి మించిన తల. వీరభద్రుడినీ కాళినీ ఎరిగిన మనవాళ్లకు ఇది దయ్యం బొమ్మలా తోచదు. 19వ శతాబ్దపు పాశ్చాత్య యాత్రికుల్లో చాలామందికి అలాగే తోచింది, వాళ్ల రాతల్లో లామాల మతానికి దయ్యాల పూజ అనే ముద్ర పడింది.

మండలం సంగతి ఇంకా చిక్కు. మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ 1916లో తన మొదటి మండలం గీసి, దాన్ని మనిషి అంతరంగ చిత్రంగా భావించాడు. ఆ దారిలో ఇప్పుడు మనశ్శాంతి కోసం రంగులు నింపుకునే మండలాల పుస్తకాలు దొరుకుతున్నాయి. తప్పేమీ లేదు గానీ, టిబెట్ మండలం చూడముచ్చటైన గుండ్రటి డిజైన్ కాదు. అది ఇంటి ప్లాను. నాలుగు ద్వారాలున్న ఒక భవనాన్ని నడినెత్తి నుంచి చూసి, గోడలను నాలుగువైపులా పడుకోబెట్టి గీసిన పటం. సాధకుడు ఆ చదును గీతల నుంచి స్తంభాలు, తోరణాలు, అంతస్తులు పైకి లేపి, లోపలికి నడిచి వెళ్లాలి. ఏ గదిలో ఎవరుంటారో తెలియాలి. కాలచక్ర మండలంలో అలా గుర్తు పెట్టుకోవలసిన దేవతలు 722 మంది.

టిబెట్ సంప్రదాయం ప్రకారం బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని ఉపదేశించింది ధాన్యకటక స్తూపం దగ్గర. లాసా పక్కన 1416లో కట్టిన డ్రెపుంగ్ మహామఠం ఆ చోటి పేరే పెట్టుకుంది. చరిత్రకారులు కాలచక్ర గ్రంథాన్ని 11వ శతాబ్దం నాటిదిగా లెక్కగడతారు, అది వేరే లెక్క. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర దీక్ష ఇచ్చినప్పుడు వేలమంది టిబెటన్లు ఆ ఊరికి రావడానికి కారణం ఈ నమ్మకమే. దీక్షకోసం భిక్షువులు రంగు రాతిపొడితో మండలం వేస్తారు. సన్నటి లోహపు గొట్టంలో పొడి పోసి, గరుకు అంచును ఇంకో కడ్డీతో గీకితే గింజ గింజగా రాలుతుంది. నడిమి నుంచి అంచుకు రోజుల తరబడి పని సాగుతుంది. దీక్ష ముగిశాక దేవతలకు ఉద్వాసన చెప్పి, గీతలను తెంచి, పొడినంతా ఊడ్చి నీళ్లలో కలుపుతారు. బయటి పత్రికలు దీన్ని అనిత్యత పాఠంగా, కాస్త విషాదంగా రాస్తుంటాయి. వినాయకుణ్ని ఏటా నీళ్లలో కలిపే జనానికి అందులో విషాదం కనిపించదు. పిలిచిన అతిథిని పంపించాక పీట తీసేయడం సహజమే.

గుమ్మం దగ్గరి పటం

ఇంత సాధన అందరి వల్లా కాదని మఠాలకు తెలుసు. అందుకే ద్వారం పక్కన గోడ మీద అందరికీ అర్థమయ్యే భవచక్రం ఉంటుంది. మఠం వాకిట్లో దీన్ని గీయమని బుద్ధుడే చెప్పినట్టు దివ్యావదానం చెప్తుంది. అజంతా 17వ గుహ వసారాలో దాని శిథిల రూపం ఇప్పటికీ ఉంది. కోరల యముడు ఒక పెద్ద చక్రాన్ని పట్టుకుని ఉంటాడు. నడిమధ్యన ఒకదాని తోక ఒకటి కరుచుకున్న పంది, పాము, కోడి, అంటే మోహం, ద్వేషం, రాగం. ఆ చుట్టూ ఆరు లోకాలు. అన్నిటికంటే బయటి అంచులో పన్నెండు చిన్న బొమ్మలు, ఒకదాన్ని ఆధారం చేసుకుని ఇంకొకటి పుడుతుందనే ప్రతీత్యసముత్పాదం అనే కఠిన సిద్ధాంతమంతా వాటిలోనే.

అవిద్యకు కర్ర పట్టుకున్న గుడ్డివాడు. సంస్కారాలకు కుమ్మరి, కుండలు చేసుకుంటూ పోతున్నాడు. విజ్ఞానానికి, అంటే ఎరుకకు, కొమ్మ నుంచి కొమ్మకు దూకే కోతి. నామరూపాలకు పడవలో మనుషులు, ఆరు ఇంద్రియాలకు ఆరు కిటికీల ఖాళీ ఇల్లు. స్పర్శకు కౌగిలించుకున్న జంట. వేదనకు కంట్లో బాణం దిగిన మనిషి. తృష్ణకు మద్యం తాగేవాడు, ఉపాదానానికి, అంటే పట్టుకుని వదలకపోవడానికి, చెట్టు నుంచి పండు కోసుకునేవాడు. తర్వాత గర్భిణి, ప్రసవం, చివరికి భుజాల మీద మోసుకుపోతున్న శవం. వేదన బొమ్మ దగ్గర కాసేపు ఆగాలి. సుఖమైనా దుఃఖమైనా అనుభవం ఏదో వచ్చి తగులుతుంది, మనిషి దాన్ని తప్పించుకోలేడు. తర్వాతి గడిలో తాగడం మాత్రం అతను మానుకోవచ్చు. చక్రం తెగే చోటు ఈ రెండు గడుల మధ్య ఉందని గురువులు గోడ దగ్గర నిలబెట్టి చెప్తారు. చక్రానికి బయట పైమూల బుద్ధుడు నిలబడి చంద్రుడి వైపు చెయ్యి చూపుతుంటాడు.

మామూలు జనానికి థాంకా అంటే ప్రధానంగా దర్శనమే. లడఖ్‌లోని హెమిస్ మఠంలో పన్నెండేళ్లకోసారి, టిబెట్ లెక్కలో కోతి సంవత్సరం వచ్చినప్పుడు, టిబెట్‌కు బౌద్ధాన్ని తీసుకెళ్లిన గురువుగా కొలిచే పద్మసంభవుడి భారీ పట్టు పటాన్ని పైనుంచి కిందికి విప్పుతారు. 2004లో, 2016లో అలా విప్పారు. కళ్లబడితే చాలు పుణ్యమన్న నమ్మకంతో జనం వస్తారు.

1959 తర్వాత టిబెట్ నుంచి వచ్చిన శరణార్థులతో పాటు ఈ విద్య భారత్, నేపాల్‌లలో స్థిరపడింది. ధర్మశాల దగ్గర 1988లో మొదలైన నోర్బులింకా సంస్థలో ఇప్పటికీ ఏళ్ల తరబడి శిక్షణ ఇస్తారు. పెన్సిల్‌తో బుద్ధుడి తల గీయడం దగ్గరే విద్యార్థికి చాలాకాలం పడుతుంది. చైనా పాలనలోని అమ్దో ప్రాంతపు రెగొంగ్ కళలు, థాంకాతో సహా, 2009లో యునెస్కో జాబితాకెక్కాయి. కాఠ్మాండూలో బౌద్ధనాథ్ స్తూపం చుట్టూ ఉన్న దుకాణాల్లో పర్యాటకుల కోసం వేసినవి దొరుకుతాయి: పోస్టర్ రంగులు, బంగారానికి బదులు ఇత్తడి పొడి, కళ్లు దిద్దడానికి ముహూర్తం ఏమీ లేదు. వాటిని నకిలీలని కొట్టిపారేయడం తొందరపాటే. కొలతలు సరిగ్గా ఉండి, కొన్నవాళ్లు లామా చేత ప్రతిష్ఠ చేయించుకుంటే శాస్త్రం అడ్డు చెప్పదు. అడ్డు చెప్పేది కొలత తప్పినవాటికే. గోడకు నప్పేలా మూర్తిని కాస్త సాగదీసి, చేతిలోని వస్తువు మార్చి గీసినవి అందమైన బొమ్మలు కావచ్చు, థాంకాలు మాత్రం కావు.

మ్యూజియంలలో ఇబ్బంది వేరే రకం. యాత్రికుడు, పండితుడు రాహుల్ సాంకృత్యాయన్ 1929 నుంచి 1938 మధ్య నాలుగుసార్లు టిబెట్ వెళ్లి తెచ్చిన థాంకాలు పాట్నా మ్యూజియానికి చేరాయి. న్యూయార్క్‌లో హిమాలయ కళకే అంకితమైన రూబిన్ మ్యూజియం 2024 అక్టోబరులో తన భవనం మూసేసింది. ఎక్కడైనా చూసేవాళ్లకు కనిపించేది పటం ముందువైపే. వెనక అక్షరాలు ఉన్నాయా, చేతిముద్రలు ఉన్నాయా, ఎవరి కోసం వేయించారో రాసి ఉందా అన్నది గోడకు ఆనించిన వైపు ఉండిపోతుంది. పటం ప్రతిష్ఠ జరిగిందో లేదో, ఏ గురువు కాలానిదో తేల్చడానికి పరిశోధకులకు అక్కరకొచ్చేది చాలాసార్లు ఆ వైపే. అందుకే ఇటీవలి కేటలాగుల్లో చాలావాటిలో థాంకా వెనకభాగం ఫోటో కూడా అచ్చు వేస్తున్నారు.